కోన్ కుదిరినంకనే తీర్పు: స్లయిడ్ బ్లూస్ కోసం ఇత్తడి బాడీ రెసోనేటర్ గిటార్

ముందే తేల్చి చెప్పేస్తే చదివేవాళ్లకు టైం కలిసొస్తుంది. వేలికి స్లయిడ్ (తీగల మీద జార్చే గొట్టం) తొడుక్కొని బ్లూస్ వాయించడానికే రెసోనేటర్, అంటే లోపలి లోహపు కోన్‌తో శబ్దం పెంచే గిటార్, కొంటున్నట్టయితే రౌండ్ నెక్ (వెనక గుండ్రంగా ఉండే మెడ), ఇత్తడి బాడీ, 9.5 అంగుళాల సింగిల్ కోన్, దాని మీద చెక్క బిళ్ల ఉండే బిస్కట్ బ్రిడ్జి ఉన్నది తీసుకోండి. మధ్య ధరలో ఆసియా ఫ్యాక్టరీల నుంచి వచ్చే ఇలాంటి గిటార్లు ఇప్పుడు మంచిగనే ఉంటున్నాయి. బాడీకి వంక పెట్టలేం, మెడ కూడా నిటారుగా ఉంటుంది. వెనకబడేది సెటప్‌లోనే. పెట్టె తెరిచిన రోజు వినిపించే శబ్దాన్ని బట్టి ఈ వాద్యాన్ని కొట్టిపారేస్తే దానికి అన్యాయం చేసినట్టే. గిటార్‌కు అనుకున్న డబ్బులో ఐదో వంతు పక్కన పెట్టుకోండి. మంచి కోన్, కొత్త శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ), నట్ (మెడ పైచివర తీగలు కూర్చునే గాడుల పట్టీ) పని, రెండు సెట్ల తీగలు, ఒక స్లయిడ్ అందులోంచి రావాలి.

వరంగల్, హన్మకొండ షాపుల గోడలకు వేలాడేవి చాలావరకు మామూలు అకౌస్టిక్‌లే. రెసోనేటర్‌ను ఒళ్లో పెట్టుకుని మీటి చూసి కొనే వీలు ఇక్కడ తక్కువ. హైదరాబాద్ 150 కిలోమీటర్ల లోపే కాబట్టి కాజీపేటలో పొద్దుటి బండి ఎక్కి వెళ్లి చూసి రావొచ్చు. కానీ సరుకు ఉందా, ఏ రకం కోన్, రౌండ్ నెక్కేనా అని ఫోన్‌లో అడిగి, ఫొటో తెప్పించుకున్నాకే బయల్దేరండి. ఎందుకంటే రెసోనేటర్ అనే ఒక్క పేరు కింద మూడు వేర్వేరు వాద్యాలు అమ్ముడవుతాయి.

కరెంటు గిటార్లు ఇంకా రాని రోజుల్లో, బ్యాండ్‌లో బాకాల మధ్య గిటార్ వినబడక జాన్ డోపైరా అనే స్లోవాక్ వలసదారు కనిపెట్టిన ఉపాయం ఇది. 1927లో లాస్ ఏంజెలెస్‌లో నేషనల్ కంపెనీ మొదట తెచ్చింది ట్రైకోన్. అందులో మూడు చిన్న అల్యూమినియం కోన్‌లు ఉంటాయి, వాటి మీద ఇంగ్లిష్ టి అక్షరం ఆకారపు లోహపు బ్రిడ్జి కూర్చుంటుంది. తియ్యగా, నిలకడగా మోగుతుంది. బ్లూస్ గాయకుడు టాంపా రెడ్ చేతిలో బంగారు పూతతో మెరిసింది అదే. తర్వాత వచ్చిన సింగిల్ కోన్‌లో 9.5 అంగుళాల కోన్ బోర్లించిన గిన్నెలా ఉంటుంది, దాని నెత్తిన గుండ్రటి మేపుల్ చెక్క బిళ్ల. అదే బిస్కట్. మీటగానే ఖంగుమని తిట్టినట్టు పలికి వెంటనే తగ్గిపోతుంది. అమెరికాలోని మిసిసిపి డెల్టా ప్రాంతపు బ్లూస్ గాయకులు సన్ హౌస్, బుక్కా వైట్ వాయించిన నేషనల్ గిటార్ల గొంతు అది. డోపైరా నేషనల్ నుంచి బయటికొచ్చి అన్నదమ్ములతో పెట్టిన కంపెనీ డోబ్రో. ఇంటిపేరులోని అక్షరాలూ, అన్నదమ్ములనే అర్థం వచ్చే ఇంగ్లిష్ మాట బ్రదర్స్‌లోని అక్షరాలూ కలిపి కట్టిన పేరు అది. స్లోవాక్‌లో డోబ్రో అనే మాటకు మంచి అని అర్థం కూడా. డోబ్రోలో 10.5 అంగుళాల కోన్ వెల్లకిలా ఉంటుంది, దాని మీద సాలీడు కాళ్లలాంటి లోహపు స్పైడర్ బ్రిడ్జి. ముక్కుతో పాడినట్టు సాగే ఆ నాదం అమెరికా పల్లె సంగీతమైన బ్లూగ్రాస్‌కు ప్రాణం. బ్లూస్ దాని మీద వాయించకూడదని కాదు, కానీ మీ చెవిలో ఉన్న పాత డెల్టా శబ్దం అందులోంచి రాదు.

కోన్ మీద కప్పిన రేకు, అంటే కవర్‌ప్లేట్, చిల్లుల్లోంచి మొబైల్ టార్చి వేసి చూడండి. చెక్క బిళ్ల కనిపిస్తే బిస్కట్. లోహపు కాళ్లు కనిపిస్తే స్పైడర్. మెడ వెనుక భాగం చదరంగా ఉండి, తీగలు ఫ్రెట్ల మీద అర అంగుళం దాకా ఎత్తున ఉంటే అది ఒళ్లో పడుకోబెట్టి వాయించే స్క్వేర్ నెక్. ధర తక్కువని దాన్ని తీసుకుంటే వేళ్లతో ఒక్క కార్డ్ కూడా పట్టలేరు.

బాడీ సంగతి. స్టీలు బాడీ గరుకుగా, పదునుగా పలుకుతుంది. చెక్క బాడీ మెత్తన. ఇత్తడి ఈ రెండింటి మధ్య, కింది తీగలకు నిండుదనం ఇస్తుంది. పెంబర్తి రేకు పని చూస్తూ పెరిగిన ప్రాంతం మనది, ఇత్తడి రేకు ఎలా మోగుతుందో ఇక్కడివాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. బరువు మాత్రం నాలుగు కిలోల దగ్గర ఉంటుంది. కూర్చుని వాయించడమే సుఖం, నిలబడితే వెడల్పాటి తోలు బెల్టు కావాలి.

కోన్, దాని చుట్టూ తిరిగే కథ

ఈ గిటార్‌లో శబ్దం పుట్టించేది బాడీ కాదు. తీగ కంపనం శాడిల్‌లోకి, శాడిల్ నుంచి బిస్కట్‌లోకి, అక్కడి నుంచి పల్చటి అల్యూమినియం కోన్‌లోకి వెళ్తుంది. స్పీకర్ పనిచేసే తీరే ఇది, వాయిస్ కాయిల్ బదులు తీగ ఉందంతే. కోన్‌ను బాడీకి ఎవరూ అతికించరు. లోపలి అంచు మీద ఊరికే కూర్చుంటుంది, తీగలు శాడిల్‌ను కిందికి నొక్కే బలమే దాన్ని పట్టి ఉంచుతుంది. కోన్ అంచు చుట్టూ సమంగా ఆనకపోయినా, ఆ నొక్కుడు తక్కువైనా ఎక్కువైనా శబ్దం చెడుతుంది. రెసోనేటర్ జబ్బుల్లో ముప్పావు భాగం ఇక్కడే పుడతాయి.

విప్పి చూడ్డానికి భయం అక్కర్లేదు, వరస తప్పకపోతే చాలు. తీగలన్నీ వదులు చేయండి, పూర్తిగా తీసేయకండి. రెండో ఫ్రెట్ దగ్గర కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్) బిగించండి, ట్యూనర్ల దగ్గర చుట్లు చెదరవు. తీగల చివర్లు తగిలించి ఉండే టెయిల్‌పీస్ స్క్రూ విప్పి, తీగలతో సహా ఎత్తి పక్కకు పెట్టండి. కవర్‌ప్లేట్ ఏ దిశలో ఉందో మాస్కింగ్ టేపు ముక్కతో బాడీ మీదా ప్లేటు మీదా గుర్తు పెట్టుకోండి. స్క్రూలు చిన్నవి, రేకులోకి నేరుగా దిగినవి. తలకు సరిపోయే స్క్రూడ్రైవర్ వాడకపోతే మొదటిసారికే అరిగిపోతాయి. ప్లేటు తీశాక కోన్ కనిపిస్తుంది. అది బాడీకి ఎక్కడ ఎలా కూర్చుందో పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి, అంచు పట్టుకుని నెమ్మదిగా లేపండి. మధ్యలో బొటనవేలితో నొక్కితే సొట్ట పడుతుంది, ఆ సొట్ట తీసినా పాత గొంతు రాదు.

ఇప్పుడు పరీక్ష. కోన్‌ను కిటికీ అద్దం ముక్క మీద బోర్లించి వేలితో అంచు మీద తట్టండి. ఒకచోట టకటకమంటే అంచు వంకర. చిన్న వంకర అయితే రెండు బొటనవేళ్లతో చుట్టూ తిరుగుతూ సర్దొచ్చు. తర్వాత బాడీలోని అంచు చూడండి. ఫ్యాక్టరీలో మిగిలిన సోల్డర్ బొడిపెలు, పెయింట్ చుక్కలు అక్కడ ఉండటం మామూలే. చిన్న చెక్క దిమ్మకు 400 నంబరు ఎమెరీ పేపర్ చుట్టి ఆ బొడిపెలను మాత్రమే అరగదీయండి. కోన్ మళ్లీ పెట్టి, గదిలో లైటు ఆర్పి, బాడీ పైభాగంలోని రంధ్రంలోంచి టార్చి వెలుగు లోపలికి వేయండి. కోన్ అంచు కింద నుంచి వెలుగు గీత కనిపించిన చోట ఖాళీ ఉన్నట్టు. ఒక్క కాగితం దూరే సందు వరకు తీగల బిగువు సర్దేస్తుంది, అంతకు మించితే మళ్లీ అంచు పని. జర ఓపిక పట్టండి, కానీ సందు నింపడానికి సిలికాన్, ఫెవిక్విక్ లాంటివి మాత్రం పూయకండి. కోన్ కదలిక చచ్చిపోతుంది, గిటార్ దుప్పటి కప్పినట్టు మూగబోతుంది.

ఫ్యాక్టరీ కోన్ మార్చాలా? నా అభిప్రాయం: మార్చండి, కానీ మొదటి నెలలో కాదు. ముందు ఉన్న కోన్‌ను సరిగా కూర్చోబెట్టి, శాడిల్, నట్ సరిచేసి వినండి. అప్పటికీ పై రెండు తీగలు రేకు డబ్బా మీద కొట్టినట్టు పలుకుతుంటే, అప్పుడు కోన్‌దే తప్పు. నేషనల్ రెసో-ఫోనిక్ అనే కంపెనీ 1989 నుంచి కాలిఫోర్నియాలో పాత నేషనల్ పద్ధతిలో గిటార్లు చేస్తోంది. వాళ్ల 9.5 అంగుళాల కోన్ విడిగా కూడా దొరుకుతుంది. ఆర్డర్ ఇచ్చే ముందు మీ పాత కోన్ వ్యాసం, అంచు నుంచి శిఖరం దాకా ఎత్తు వెర్నియర్‌తో కొలవండి. వ్యాసం సరిపోయి ఎత్తు రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే శాడిల్ లెక్కంతా మారిపోతుంది.

కొత్త కోన్ వేసిన వారం రోజులు అది కుదురుకుంటూ ఉంటుంది. మొదటి రోజంతా అనుకున్న శ్రుతికి ఒక స్వరం తక్కువలో ఉంచి, రెండో రోజు శ్రుతికి తేండి. యాక్షన్, అంటే ఫ్రెట్ల మీద తీగల ఎత్తు, కొద్దిగా దిగుతుంది, శ్రుతి జారుతూ ఉంటుంది. అందుకే కొత్త శాడిల్‌ను మొదటి రోజే తుది ఎత్తుకు అరగదీయకూడదు. అర మిల్లీమీటర్ ఎక్కువ ఉంచి, వారం తర్వాత కొలిచి మిగతాది తీయండి. ఈ ఒక్క తొందరపాటు వల్ల శాడిల్ రెండుసార్లు చేయించుకునే పరిస్థితి వస్తుంది.

బిస్కట్‌ను కోన్‌కు పట్టి ఉంచేది కింది నుంచి వచ్చే ఒక్క స్క్రూ. ఇది వదులైతే ఎక్కడి నుంచో చెవికి అంతుపట్టని చిర్రుమనే శబ్దం వస్తుంది. ఎక్కువ బిగిస్తే కోన్ శిఖరం చెక్కలోకి లాక్కుపోయి లొట్ట పడుతుంది. వేళ్లతో తిప్పగలిగినంత బిగించి, ఆపైన పావు చుట్టు చాలు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర గాలి ఎండిపోయినప్పుడు మేపుల్ బిళ్ల కూడా ఎండి కుంచించుకుపోతుంది, అప్పుడే ఈ స్క్రూ వదులవుతుంది. ఎండాకాలం మొదట్లో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చూసుకుంటే సరిపోతుంది.

శాడిల్, నట్, కొలతలు

కొలతలకు ఖరీదైన పనిముట్లు అక్కర్లేదు. బైక్ మెకానిక్ ట్యాపెట్లు సరిచేసే ఫీలర్ గేజ్, స్టీలు స్కేలు, ఒక వెర్నియర్ ఉంటే చాలు. ఆరో తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా పద్నాలుగో ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కి, ఏడో ఫ్రెట్ మీద తీగ కింద సందు చూడండి. ఫీలర్ గేజ్‌లోని 0.20 మిల్లీమీటర్ల ఆకు తగిలీ తగలనట్టు దూరితే మెడ సరిగా ఉంది. ఎక్కువుంటే మెడ లోపలి వంపు సర్దే కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, కుడివైపుకు పావు చుట్టు బిగించి, గంట ఆగి మళ్లీ చూడండి. కొన్ని గిటార్లలో సర్దే రాడ్ ఉండదు, కొనేముందే అడగండి.

యాక్షన్‌లో రెండు పక్షాలున్నాయి. స్లయిడ్ ఒక్కటే వాయించేవాళ్లు పన్నెండో ఫ్రెట్ దగ్గర ఆరు తీగలూ 3 మిల్లీమీటర్లకు పైన పెట్టుకుంటారు. నా దృష్టిలో బ్లూస్‌కు అంత ఎత్తు వద్దు, ఎందుకంటే ఈ సంగీతంలో చిటికెన వేలికి స్లయిడ్ ఉంటే మిగతా మూడు వేళ్లూ కింద కార్డ్‌లు పట్టాలి. ఆరో తీగకు 2.8, ఒకటో తీగకు 2.3 మిల్లీమీటర్లు పెడితే స్లయిడ్ ఫ్రెట్‌కు తగిలి టకమనదు, వేళ్లూ నొప్పి పెట్టవు. స్లయిడ్ తగులుతోందంటే చాలాసార్లు తప్పు ఎత్తుది కాదు, చేతిది. స్లయిడ్‌ను తీగ మీద ఉంచాలి, నొక్కకూడదు.

శాడిల్ లెక్క ఇది: పన్నెండో ఫ్రెట్ తీగకు సరిగ్గా సగంలో ఉంటుంది కాబట్టి అక్కడ అర మిల్లీమీటర్ తగ్గాలంటే శాడిల్ దగ్గర ఒక మిల్లీమీటర్ తగ్గించాలి. తగ్గించేటప్పుడు గాడినే లోతు చేసుకుంటూ పోవద్దు. తీగ మందంలో సగమే గాడిలో దిగాలి, మిగతా సగం పైకి కనిపించాలి. గాడి లోతైతే తీగ పక్క గోడలకు రాసుకుని శబ్దం మందగిస్తుంది. గాడి లోతు చేసినంత మేర శాడిల్ పైభాగాన్నీ అరగదీయండి. గాడికి ఆ తీగ మందానికి తగ్గ సన్నటి ఆకురాయి కావాలి. లేకపోతే పాత తీగ ముక్కకు సన్న ఎమెరీ చుట్టి గీకినా పని అవుతుంది. శాడిల్ అడుగు బిస్కట్ గాడిలో పూర్తిగా ఆనాలి, కింద కాగితం ముక్కలు పెట్టి లేపడం మాత్రం కాదు. యాక్షన్ పెంచాలంటే కొత్త మేపుల్ శాడిల్ చేయించండి. పైన ఎబొనీ పట్టీ ఉన్నదైతే సన్నటి తీగలు చెక్కను కోసుకుపోకుండా ఆపుతుంది.

రెండు హద్దులు గుర్తుంచుకోవాలి. పైకి, శాడిల్ మీద తీగలు హ్యాండ్ రెస్ట్‌కు (వాటి పైన చెయ్యి ఆనించే లోహపు పట్టీ) తగలకూడదు, కనీసం 2 మిల్లీమీటర్ల సందు కావాలి. కిందికి, శాడిల్ మరీ తగ్గితే తీగలు టెయిల్‌పీస్ వైపు దాదాపు వంపు లేకుండా చదునుగా పోతాయి, కోన్ మీద నొక్కుడు తగ్గి గొంతు పీలగా మారుతుంది. ఈ రెండింటి మధ్య మీకు కావలసిన యాక్షన్ దొరకకపోతే తప్పు మెడ కోణానిది. మెడకు కొనసాగింపుగా ఉండే చెక్క కర్ర, అంటే మెడ కాడ, బాడీలోకి సాగి, కోన్ కింద చెక్క దిమ్మల మీద ఆని ఉంటుంది. ఆ దిమ్మల దగ్గర పల్చటి చెక్క పొర వేసి కోణం మార్చాలి. ఇది ఇంట్లో చేసే పని కాదు, గిటార్ రిపేరు తెలిసిన మనిషికే ఇవ్వండి.

శాడిల్ స్థానం కూడా చూడాలి. 25 అంగుళాల స్కేల్ అంటే 635 మిల్లీమీటర్లు, నట్ నుంచి పన్నెండో ఫ్రెట్‌కు 317.5. శాడిల్ 635 కన్నా కాస్త వెనక ఉండాలి, లావు తీగల వైపు ఇంకొంచెం ఎక్కువ, 2 నుంచి 3 మిల్లీమీటర్లు. బిస్కట్ గుండ్రంగా ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. తీగలు వదులు చేసి కోన్‌ను బిస్కట్‌తో సహా కొద్దిగా తిప్పితే శాడిల్ ఏటవాలు అవుతుంది. పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగను నొక్కకుండా తేలిగ్గా తాకి మీటిన స్వరం), నొక్కిన స్వరం ఒక్కటయ్యేదాకా సర్దండి. స్లయిడ్‌కు ఇది అక్కర్లేదని కొందరంటారు. స్లయిడ్ వేసినప్పుడు చెవే సరిచేస్తుంది, నిజమే. కానీ ఐదో ఫ్రెట్ దగ్గర వేళ్లతో పట్టిన స్వరం పక్కన స్లయిడ్ స్వరం వేసినప్పుడు తేడా బయటపడుతుంది.

నట్ దగ్గర ఒక్క ముఖ్యమైన మాట. ఇలాంటి గిటార్లు చాలావరకు 12 నుంచి 53 తీగలతో వస్తాయి (ఈ అంకెలు అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగ మందం). బ్లూస్ స్లయిడ్‌కు అవి పల్చన, వదులు శ్రుతిలో తీగ స్లయిడ్ కింద మెత్తగా కుంగిపోతుంది. 13 నుంచి 56 ఫాస్ఫర్ బ్రాంజ్ వేయండి. డిఅడారియో ఈజే17 సెట్‌లో 13, 17, 26, 35, 45, 56 ఉంటాయి. కానీ ఆ లావు పాత నట్ గాడుల్లో పట్టదు. ట్యూనర్ తిప్పుతుంటే టింగ్‌మని ఒక్కసారిగా శ్రుతి దూకితే తీగ గాడిలో ఇరుక్కుందని అర్థం. గాడి వెడల్పు చేసి, మెత్తటి పెన్సిల్ ముక్కు గాడిలో రుద్దండి. 16 నుంచి మొదలయ్యే రెసోఫోనిక్ సెట్లు స్క్వేర్ నెక్ కోసం, వాటిని దీనికి వేయొద్దు.

శ్రుతి: మనకు తెలిసిన స్వరాల్లో

ఓపెన్ జీ అంటే ఏ తీగా నొక్కకుండానే జి కార్డ్ పలికే శ్రుతి: ఆరో తీగ నుంచి డి, జి, డి, జి, బి, డి. మన లెక్కలో చెబితే ప, స, ప, స, గ, ప. గాంధారం అంతర గాంధారం. మామూలు శ్రుతి నుంచి ఆరు, ఐదు, ఒకటి తీగలను రెండేసి మెట్లు దించితే చాలు. ఓపెన్ డి అంటే డి, ఎ, డి, ఎఫ్ షార్ప్, ఎ, డి, అంటే స, ప, స, గ, ప, స. రెండు శ్రుతుల్లోనూ తీగలు దిగుతాయే తప్ప ఎక్కవు. ఓపెన్ ఎ, ఓపెన్ ఇ కోసం తీగలు పైకి బిగించడం ఈ వాద్యానికి మంచిది కాదు. కోన్ మీద బరువు పెరుగుతుంది, ఒకరోజు కోన్ కూలిపోతుంది. యాక్షన్ ఉన్నట్టుండి తగ్గిపోయి, గొంతు పూడుకుపోయిందంటే కోన్ కూలిందనే అర్థం. ఆ స్వరాలు కావాలంటే రెండో ఫ్రెట్ మీద కాపో పెట్టండి.

ట్యూనర్ చూపించిన గాంధారాన్ని నమ్మొద్దు. అది సమవిభాగ లెక్క, సహజ గాంధారం దానికన్నా 14 సెంట్లు కింద ఉంటుంది (సెంటు అంటే ఒక మెట్టులో నూరో వంతు). ఓపెన్ జీలో రెండో తీగను ట్యూనర్ చెప్పినదానికన్నా కొంచెం కిందికి దించి, మిగతా తీగలతో కలిపి మీటి చూడండి. కార్డ్ ఒక్కసారిగా నిశ్చలమవుతుంది. కోన్ గిటార్‌లో ఈ తేడా మామూలు గిటార్ కన్నా స్పష్టంగా వినిపిస్తుంది.

బ్లూస్ గాంధారం ఇంకా చిత్రమైంది. సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో ఉంటుంది. ఓపెన్ జీలో మూడో తీగ మీద మూడో ఫ్రెట్ దగ్గర స్లయిడ్ పెట్టి, నాలుగో ఫ్రెట్ చేరకుండా పైకి నూకితే అక్కడే దొరుకుతుంది. ఒకటో తీగ మీద అదే స్వరం ఎనిమిది, తొమ్మిది ఫ్రెట్ల మధ్య. కర్ణాటక సంగీతంలో జారు విన్న చెవులకు, చిత్రవీణ విన్న చెవులకు ఈ చోటు కొత్తేమీ కాదు. మన ప్రాంతపు వాయించేవాళ్లకు ఇక్కడ నిజంగానే ఒక అడుగు ముందున్న లాభం ఉంది. నాలుగో కార్డ్‌కు ఐదో ఫ్రెట్, ఐదో కార్డ్‌కు ఏడో ఫ్రెట్, పన్నెండు దగ్గర పై షడ్జం. స్లయిడ్ ఫ్రెట్ వెనక కాదు, సరిగ్గా ఫ్రెట్ లోహపు గీతకు పైన నిలవాలి. స్లయిడ్ వెనక ఖాళీగా ఉన్న వేళ్లు తీగలను తేలిగ్గా తాకి ఉంచాలి, లేకపోతే స్లయిడ్‌కూ నట్‌కూ మధ్య తీగ ముక్క కూడా మోగి రొద చేస్తుంది.

స్లయిడ్ ఇక్కడే చేయించుకోండి

స్లయిడ్ ఆన్‌లైన్‌లో తెప్పించొచ్చు, కానీ వేలి సైజు కుదరక సగం మందికి డ్రాయర్‌లో పడి ఉంటుంది. ములుగు రోడ్డు వైపు లేత్ షాపులో ఇత్తడి పైపు ముక్కతో చేయించుకోవడమే మేలు. "అన్నా, లోపల 19.5, బయట 25, పొడుగు 60 మిల్లీమీటర్లు, అంచులు గుండ్రంగ తీయి" అని చెబితే చాలు. లోపలి కొలత మీ చిటికెన వేలి రెండో కణుపుకు తగ్గట్టు అర మిల్లీమీటర్ అటూ ఇటూ మార్చుకోండి. వేలు కిందికి వేలాడదీస్తే స్లయిడ్ జారిపోకూడదు, లాగితే కష్టపడకుండా రావాలి. బయటి ముఖం మీద లేత్ గీతలు మిగిలితే తీగల మీద సర్రుమని శబ్దం వస్తుంది. 400, 800, 1500 ఎమెరీ వరసగా నీళ్లతో రుద్ది, చివర మెటల్ పాలిష్ పట్టించండి.

ఇత్తడి స్లయిడ్ బరువుగా, నిండుగా, కొంచెం గరుకుగా పలుకుతుంది. గాజు మెత్తగా, గుండ్రంగా. ఇత్తడి బాడీ మీద గాజే ఎక్కువ అందమని నా అభిప్రాయం, బాడీ ఇచ్చే గరుకుదనం సరిపోతుంది. నిటారు మెడ ఉన్న మందపాటి సీసా దొరికితే గ్లాస్ కట్టర్‌తో చుట్టూ ఒక్క గీత గీసి, గీత మీద ముందు వేడి నీళ్లు, వెంటనే చల్లటి నీళ్లు పోస్తే అక్కడికి విరుగుతుంది. చేతులకు గ్లోవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. అంచును తడి ఎమెరీ మీద అరగంట తిప్పండి, పొడిగా అరగదీస్తే గాజు దుమ్ము ఊపిరిలోకి పోతుంది. స్పార్క్ ప్లగ్ సాకెట్‌నే స్లయిడ్‌గా పెట్టుకుని అమెరికన్ గిటారిస్టు లోవెల్ జార్జ్ వాయించిన మాట నిజమే, కానీ ఆయనది ఎలక్ట్రిక్ గిటార్. కోన్ గిటార్ మీద ఆ బరువు వేలిని త్వరగా అలసిపోయేలా చేస్తుంది.

రొద ఎక్కడి నుంచి వస్తుంది

కొత్త రెసోనేటర్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ చిర్రుమనే రొద గురించే. కోన్ అనగానే భయపడి కొత్తది ఆర్డర్ చేయకముందు తేలికవి చూసుకోండి. కవర్‌ప్లేట్ స్క్రూలు ఒక్కొక్కటీ తాకి చూడండి. టెయిల్‌పీస్ ప్లేటుకు ఆనుతోందేమో, ఆనితే మధ్యలో తోలు ముక్క పెట్టండి. టెయిల్‌పీస్ వెనక తీగల చివర మెలికలు ఒకదానికొకటి తగులుతున్నాయేమో చూడండి. ట్యూనర్ల బుషింగులు వదులయ్యాయేమో తిప్పి చూడండి. వాయిస్తూ, ఇంకొకరిని ఒక్కోచోట వేలితో నొక్కమనండి, ఎక్కడ నొక్కితే రొద ఆగుతుందో అదే జాగా. అన్నీ అయ్యాక మిగిలితే బిస్కట్ స్క్రూ, కోన్ అంచు, మెడ కాడ కింది చెక్క దిమ్మలు, ఆ వరసలో. ఒక్క స్వరానికే రొద వస్తుంటే అది చాలాసార్లు ఆ ఫ్రెట్‌దే, కోన్‌ది కాదు.

మన ఎండకు ఈ గిటార్ పెట్టే ఇబ్బంది శ్రుతి. ఏసీ గదిలోంచి బయటి వేడికి వస్తే బాడీ లోహం, తీగలు, మెడ చెక్క ఒకే తీరున సాగవు. స్టేజీ ఎక్కే పావుగంట ముందే బయటకు తెచ్చి ఉంచి శ్రుతి చేసుకోండి. మూసిన కారులో వదిలేయొద్దు, ఫ్రెట్‌బోర్డు జిగురు మెత్తబడుతుంది. ఎయిర్ కూలర్ ఎదురుగా నిలబెట్టొద్దు, ఆ తడికి తీగలు నాలుగు రోజుల్లో తుప్పు పడతాయి, స్టీలు బాడీ అయితే లోపలి నుంచే తుప్పు మొదలవుతుంది. గట్టి కేసు, అందులో రెండు మూడు సిలికా జెల్ సంచులు. నికెల్ పూత ఉన్న బాడీని ఇత్తడి బిందెను తోమినట్టు చింతపండుతోనో, తోమే పొడితోనో రుద్దితే పూత పోతుంది, మెత్తటి బట్ట చాలు. బాడీ మీది చిన్న సొట్టలు శబ్దాన్ని మార్చవు, వాటి జోలికి పోవద్దు. తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటిగా మార్చండి, అన్నీ ఒకేసారి తీసేస్తే కోన్ జాగా తప్పుతుంది, మళ్లీ మొదటికొస్తుంది.

మైకు పెట్టాల్సి వస్తే కోన్‌కు ఎదురుగా వద్దు, గొంతు మరీ పీచుగా వస్తుంది. మెడ బాడీని కలిసే చోటుకు ఒక అడుగు దూరంలో పెట్టండి.

ఇది ఎవరికి పనికిరాదు? ఒకే గిటార్ కొనుక్కుని సినిమా పాటలు, బ్లూస్ రెండూ వాయించాలనుకునేవాళ్లకు. కోన్ శబ్దం త్వరగా ఆరిపోతుంది, నెమ్మదిగా కార్డ్‌లు మీటే పాటలకు అది కటువుగా వినిపిస్తుంది. స్లయిడ్ మీదే ప్రాణం ఉన్నవాళ్లయితే కొనండి. పార్సిల్‌లో వస్తే పెట్టె తెరవడం వీడియో తీసుకోండి. తెరవగానే కవర్‌ప్లేట్ చిల్లుల్లోంచి టార్చి వేసి కోన్ మీద సొట్ట ఉందేమో, బిస్కట్ మధ్యలోనే ఉందేమో చూడండి. మెడను పక్క నుంచి ఒక కంటితో చూడండి. ట్యూనర్లు ఆరూ తిప్పండి. ఇవి సరిగా ఉంటే మిగతా లోపాలన్నీ ఆకురాయితో, ఎమెరీతో, ఓపికతో సర్దుకునేవే. కోన్ సొట్ట, మెడ మెలిక ఉంటే మాత్రం సెటప్ మొదలుపెట్టకుండా అదే రోజు వెనక్కి పంపండి. ఒక్క స్క్రూ విప్పినా, మీరే పాడుచేశారని అమ్మినవాళ్లు అనొచ్చు.